ఫుట్‌బాల్‌లో మోకాలి లిగమెంట్ గాయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రం ఆరు దాటిందంటే నా ఫోను మోగడం మొదలవుతుంది. అవతల గొంతు మారుతుంది కానీ మాట మారదు: "మోకాలు మడతపడింది సార్, వాచింది, ఏం చేయాలి?" నేను హైదరాబాద్‌లో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఆదివారం మాత్రం టర్ఫ్ (కృత్రిమ పచ్చిక) మీద బంతి తన్నే ఉద్యోగులు. మిగతావాళ్ళు కాలేజీ, క్లబ్బు ఆటగాళ్ళు. డిగ్రీ రెండో ఏట నా ఎడమ మోకాలి లిగమెంట్ (ఎముకను ఎముకకు కట్టే పట్టీ) కూడా తెగింది, కాబట్టి పరీక్ష బల్ల మీద పడుకుని పైకప్పు చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రోజూ నోటితో చెప్పే జవాబులనే ఇక్కడ రాసి పెడుతున్నాను. ఒక్క షరతు: ఇది చదివి మీ గాయానికి మీరే పేరు పెట్టుకోకండి. చేత్తో పట్టి చూడకుండా మోకాలి సంగతి ఎవరూ చెప్పలేరు. ఫోనులో నేనూ చెప్పలేను.

మోకాలిలో ఎన్ని లిగమెంట్లు ఉంటాయి? తెగేది ఏది?

ముఖ్యమైనవి నాలుగు. రెండు కీలు నడిమధ్యలో కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. ముందుది ఏసీఎల్. మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా, గిరుక్కున తిరగకుండా ఆపేది ఇదే. వెనకది పీసీఎల్, ఆ ఎముక వెనక్కి పోకుండా పట్టుకుంటుంది. మిగతా రెండూ పక్కల ఉంటాయి: రెండో మోకాలి వైపున్నది ఎంసీఎల్, బయటి వైపున్నది ఎల్‌సీఎల్. ఎముకల మధ్య నెలవంకల్లాంటి రెండు మెత్తలు కూడా ఉంటాయి, అవి మెనిస్కస్‌లు. మన ఇళ్ళలో వీటన్నిటినీ కలిపి "గుజ్జు" అనేస్తారు. అమ్మమ్మకు అరిగిన గుజ్జు వేరు, మనవడికి తెగిన లిగమెంట్ వేరు.

ఫుట్‌బాల్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఎంసీఎల్. ఎక్కువగా ఏడిపించేది ఏసీఎల్. దాని పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, మందం చిటికెన వేలంత. ఇక్కడ రాసినదాంట్లో ఎక్కువ భాగం ఆ చిటికెన వేలి గురించే.

మరో సంగతి. బ్రెజిల్ రొనాల్డో మోకాలిని చాలామంది లిగమెంట్ గాయాల జాబితాలో చేరుస్తారు. 2000 ఏప్రిల్ 12న లాజియో క్లబ్బుతో కోపా ఇటాలియా (ఇటలీ కప్పు పోటీ) ఫైనల్లో, మైదానంలోకి దిగిన కొద్ది నిమిషాలకే ఆయనకు తెగింది మోకాలి చిప్ప కింది టెండన్. ఎముకను ఎముకకు కట్టేది లిగమెంట్, కండరాన్ని ఎముకకు కట్టేది టెండన్. రెండింటి వైద్యమూ, కోలుకునే దారీ వేరు.

నన్ను ఎవరూ తాకలేదు. మరి ఎలా తెగింది?

ఏసీఎల్ విషయంలో జరిగేది ఎక్కువగా అదే. పది గాయాల్లో దాదాపు ఏడు ఎదుటి మనిషి మోకాలిని తాకకుండానే అవుతాయి. బంతి ఉన్నవాడి మీదికి మీరు వేగంగా వెళ్తారు, అతను పక్కకు తిరుగుతాడు, మీరు ఆగి తిరగబోతారు. పాదం నేలలో నాటుకుపోయి ఉంటుంది, ఒళ్ళు తిరుగుతుంది, మోకాలు లోపలికి పడుతుంది. అంతే. గాల్లోకి ఎగిరి హెడర్ (తలతో బంతి) కొట్టి ఒంటికాలి మీద దిగినప్పుడూ, బంతి తన్నాక తూలి నిలదొక్కుకునేటప్పుడూ ఇదే కథ. పాదం నేలను తాకిన తర్వాత సెకనులో ఇరవయ్యో వంతు లోపే లిగమెంట్ పోతుంది. కాబట్టి "చూసుకుని ఆడాల్సింది" అని ఇంట్లోవాళ్ళు మందలిస్తే పట్టించుకోకండి, అంత తక్కువ సమయంలో ఎవరూ ఏమీ చూసుకోలేరు.

ఢీకొట్టడం వల్ల అయ్యేవీ ఉన్నాయి. 2020 అక్టోబరు 17న గుడిసన్ పార్క్ మైదానంలో లివర్‌పూల్ ఆటగాడు వాన్ డైక్ మీదికి ఎవర్టన్ గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ దూకినప్పుడు వాన్ డైక్ ఏసీఎల్ తెగింది. ఆ సీజన్‌లో ఆయన మళ్ళీ ఆడలేదు.

తెగిందో, వట్టిగా బెణికిందో ఎలా తెలుస్తుంది?

నేను మొదట అడిగే ప్రశ్న: వాపు ఎప్పుడు వచ్చింది? రెండు గంటల్లోపే మోకాలు బుడగలా ఉబ్బితే లోపల రక్తం చేరిందని అర్థం. అలాంటి మోకాలిని ఏసీఎల్ తెగినట్టే అనుకుని చూడటం మొదలుపెడతాను. మర్నాడు పొద్దున లేచేసరికి వాపు కనిపిస్తే మెనిస్కస్ వైపు అనుమానం పోతుంది. పెద్ద వాపేమీ లేకుండా లోపలి పక్కన వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉంటే అది ఎంసీఎల్ కావచ్చు.

రెండో ప్రశ్న: శబ్దం వచ్చిందా? "టక్" మని లోపల ఏదో తెగినట్టు అనిపించిందని చాలామంది చెబుతారు. పక్కన ఆడేవాళ్ళకు వినిపించిన సందర్భాలూ ఉన్నాయి.

మోసం చేసేది నొప్పి. ఏసీఎల్ తెగిన నొప్పి రెండు మూడు వారాల్లో చాలావరకు పోతుంది. ఒక కుర్రాడు నెల తర్వాత నవ్వుతూ వచ్చాడు. "తగ్గిపోయింది సార్, మా నాన్న చూపించుకోమంటే వచ్చాను" అన్నాడు. సరే, నడిచి చూపించమన్నాను, బాగానే నడిచాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆటోను పిలవడానికి గబుక్కున వెనక్కి తిరిగాడు, మోకాలు పట్టు తప్పి గోడ పట్టుకుని నిలబడ్డాడు. తిన్నగా నడవడానికి ఏసీఎల్‌తో పెద్దగా పనిలేదు. తిరిగేటప్పుడే దాని అవసరం తెలుస్తుంది.

మొదటి రెండు రోజులు ఏం చేయాలి?

ఆట ఆపాలి. "ఇంకో పది నిమిషాలే ఉంది" అని ఆడినవాళ్ళు లిగమెంట్‌తో పాటు మెనిస్కస్ చీలిక కూడా తెచ్చుకుంటారు. మోకాలికి సాగే పట్టీ మరీ బిగించకుండా చుట్టి, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి పడుకోండి. ఐసు బట్టలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టవచ్చు. విశ్రాంతి, ఐసు, పట్టీ, ఎత్తు అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తర్వాత తనే అన్నారు. నా మటుకు నాకు ఐసు నొప్పి మందు. నొప్పి ఉంటే పెట్టండి, లేకపోతే ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి.

మొదటి మూడు నాలుగు రోజులు వేడి కాపడం, మర్దన, బామ్ రాసి రుద్దడం వద్దు. ముఖ్యంగా ఎవరైనా కాలు పట్టుకుని "ఒక్క గుంజు గుంజితే కుదురుకుంటుంది" అంటే ఆ చేయి విడిపించుకోండి.

వెంటనే, అదే రాత్రి ఆసుపత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు ఇవి: పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా, మోకాలి ఆకారమే మారిపోయినా, నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, మోకాలు సగంలో ఇరుక్కుని చాపుకోవడానికి రాకపోయినా. మొదటిది అన్నిటికంటే ప్రమాదం. మోకాలి కీలు పూర్తిగా తప్పితే వెనక ఉండే పెద్ద రక్తనాళం దెబ్బతినవచ్చు. అప్పుడు గంటలు లెక్కలోకి వస్తాయి.

నేరుగా ఎమ్మారై తీయించుకోవచ్చా?

తీయించుకోవచ్చు, కానీ వరస తప్పుతుంది. ముందు ఆర్థోపెడిక్ డాక్టరో ఫిజియోనో చేత్తో చూడాలి. మోకాలిని కొద్దిగా, ఇరవై ముప్పై డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను పట్టి, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగి చూస్తారు. దాన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. లిగమెంట్ బాగుంటే లాగినప్పుడు ఒకచోట గట్టిగా ఆగుతుంది, తాడు బిగిసినట్టు. తెగితే ఆ ఆగడం ఉండదు, మెత్తగా ముందుకు వచ్చేస్తుంది. రెండో మోకాలితో పోల్చి చూడటం తప్పనిసరి, ఎందుకంటే కొందరికి పుట్టుకతోనే కీళ్ళు వదులు. వాపు, నొప్పి బాగా ఉన్న రోజు కండరాలు బిగుసుకుని పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. అలాంటప్పుడు వారం పది రోజుల తర్వాత మళ్ళీ చూడాలి.

ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదు. ఎముక చిట్లిందా అని చూడటానికే అది. ఎమ్మారై లిగమెంట్‌నూ మెనిస్కస్‌నూ చూపిస్తుంది. రిపోర్టులో "పార్షియల్ టేర్" అని ఉంటే సంబరపడకండి, "కంప్లీట్ టేర్" అని ఉంటే కుంగిపోకండి. ఫొటో చూసి ఆట ఆడేవాళ్ళు లేరు. సగం తెగిన లిగమెంట్‌తో మోకాలు ప్రతి మలుపులోనూ జారేవాళ్ళు ఉన్నారు, పూర్తిగా తెగినా నిలదొక్కుకునేవాళ్ళూ ఉన్నారు.

పుత్తూరు కట్టు కడితే లిగమెంట్ అతుక్కుంటుందా?

ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు, ముఖ్యంగా రాయలసీమ నుంచి వచ్చినవాళ్ళలో. కట్టు వైద్యం పేరు తెచ్చుకున్నది ఎముకలు విరిగినప్పుడు. ఎముకకు తనంతట తను అతుక్కునే గుణం ఉంది, కదలకుండా పట్టి ఉంచితే చాలాసార్లు పని అవుతుంది. ఏసీఎల్ సంగతి అలా కాదు. అది కీలు లోపల జిగురు ద్రవంలో ఉంటుంది. తెగిన రెండు కొసల మధ్య రక్తం గడ్డకట్టి వంతెనలా నిలవాలి, ఆ ద్రవం దాన్ని నిలవనివ్వదు. బయట ఎంత మంచి పసరు పూసినా, ఎంత గట్టిగా కట్టినా లోపలికి ఆ ప్రభావం చేరదు.

మరి "మా బావకు కట్టుతోనే తగ్గింది" అంటే? తగ్గే ఉంటుంది. బావకు తెగింది ఎంసీఎల్ అయి ఉంటుంది. దానికి రక్తప్రసరణ బాగుంటుంది, కీలు బయట ఉంటుంది, ఏ కట్టు కట్టినా, చాలావరకు కట్టకపోయినా, వారాల్లో మానుతుంది. ఖ్యాతి కట్టుకు పోతుంది. నాకు దాంతో పేచీ లేదు. నా భయమల్లా ఆరు వారాలు కదలకుండా కట్టిన మోకాలు బిగుసుకుపోవడం, తొడ కండరం చిక్కిపోవడం గురించి. ఆ రెండింటినీ వెనక్కి తేవడానికి నెలలు పడుతుంది.

ఏసీఎల్ తెగితే ఆపరేషన్ తప్పదా?

తప్పదని వెంటనే అనేవాళ్ళ మాట ఒక పూట ఆగి వినండి. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీయువకుల మీద జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. సగం మందికి వ్యాయామాలతో పాటు మొదట్లోనే ఆపరేషన్ చేశారు. మిగతా సగానికి వ్యాయామాలు మొదలుపెట్టి, అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. అయిదేళ్ళు గడిచేసరికి రెండో గుంపులో సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, సగం మందికి దాని అవసరమే రాలేదు. మోకాలి పరిస్థితిలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అలాగని అందరికీ ఒకటే మందు కాదు. ఆగడం, తిరగడం, దూకడం ఉన్న ఫుట్‌బాల్‌ను పోటీ స్థాయిలో మళ్ళీ ఆడాలనుకునే పందొమ్మిదేళ్ళ పిల్లవాడికి నేను ఎక్కువగా ఆపరేషన్ వైపే చెబుతాను. మోకాలు రోజువారీ నడకలోనే జారుతుంటే, కుట్టాల్సిన మెనిస్కస్ చీలిక ఉంటే, ఒకటి కంటే ఎక్కువ లిగమెంట్లు తెగితే కూడా అంతే. వారానికోసారి సరదాకు ఆడే ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగి ఈదడం, సైకిల్, జిమ్ చాలనుకుంటే మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేసి, అప్పుడు తేల్చుకోవచ్చు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల్లో ఎముక పెరిగే భాగం ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి, అలాంటి కేసులు చేసే అలవాటున్న సర్జన్ దగ్గరికే వెళ్ళండి.

చేయించుకునేట్టయితే తొందర వద్దు. వాపు దిగాలి, మోకాలు పూర్తిగా చాపుకోగలగాలి, తొడ ముందు కండరం బిగించమంటే బిగుసుకోవాలి. వాచి బిగుసుకున్న మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత కూడా బిగుసుకునే ప్రమాదం ఎక్కువ. ఇరుక్కుపోయిన మెనిస్కస్ ఉన్నప్పుడు మాత్రం ఎదురుచూడకూడదు.

ఎంసీఎల్, పీసీఎల్, ఎల్‌సీఎల్ తెగితే?

ఎంసీఎల్‌కు ఆపరేషన్ అరుదు. కాస్త సాగితే ఒకటి రెండు వారాలు, సగం తెగితే మూడు నుంచి ఆరు, పూర్తిగా తెగితే మోకాలితో పాటు మడతపడే ఆధారపు పట్టీ (బ్రేస్) వేసుకుని ఆరు నుంచి పన్నెండు. పీసీఎల్ తెగడం ఫుట్‌బాల్‌లో తక్కువ. వంచిన మోకాలి మీద నేరుగా పడ్డ గోల్‌కీపర్లలో కనిపిస్తుంది, బండి మీంచి పడ్డవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఒక్క పీసీఎలే అయితే ఎక్కువమంది తొడ కండరం బలంతో నెట్టుకొస్తారు. ఎల్‌సీఎల్ ఒంటరిగా తెగడం అరుదు. తెగిందంటే దాని పక్కన ఇంకేం పోయిందో వెతకాలి. అక్కడ ఆలస్యం చేయకండి.

మెనిస్కస్ కూడా చిరిగిందన్నారు. అది తీసేస్తే త్వరగా ఆడవచ్చట కదా?

అది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. 1994 ప్రపంచ కప్‌లో ఇటలీ కెప్టెన్ ఫ్రాంకో బరేసి నార్వేతో మ్యాచ్‌లో మెనిస్కస్ దెబ్బతిని, ఆపరేషన్ చేయించుకుని, నాలుగు వారాలు కూడా నిండకుండా ఫైనల్లో బ్రెజిల్ మీద పూర్తిగా ఆడాడు. చిరిగిన ముక్కను తీసేస్తే వారాల్లో లేచి తిరగవచ్చు. కుట్టి నిలబెడితే నాలుగైదు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కానీ మెత్త తీసిన చోట ఎముక మీద బరువు పెరుగుతుంది, ఏళ్ళు గడిచాక కీలు అరుగుతుంది. కుట్టడానికి వీలైన చీలికైతే కుట్టించుకోండి. బరేసికి ఉన్నది ప్రపంచ కప్ ఫైనల్, మీకున్నది అపార్ట్‌మెంట్ల లీగు.

కొత్త లిగమెంట్ ఎక్కడి నుంచి తెస్తారు?

మీ ఒంట్లోంచే. తెగిన ఏసీఎల్‌ను సాధారణంగా కుట్టరు, దాని స్థానంలో ఒక టెండన్ ముక్క పెడతారు. మన దగ్గర ఎక్కువగా తొడ వెనక కండరాల టెండన్లు తీస్తారు. మోకాలి చిప్ప కింది టెండన్‌ను రెండు వైపులా ఎముక ముక్కతో సహా తీయడం ఇంకో పద్ధతి. పోటీ ఆటగాళ్ళకు చాలామంది సర్జన్లు దీన్ని ఇష్టపడతారు, కానీ మోకాళ్ళ మీద కూర్చుంటే ముందు నొప్పి రావచ్చు. నమాజు చేసేవాళ్ళూ, గుడిలో మోకరిల్లేవాళ్ళూ, నేల మీద పనిచేసేవాళ్ళూ ఈ సంగతి ముందే సర్జన్‌కు చెప్పాలి. చిప్ప పైనుంచి, తొడ ముందు కండరపు టెండన్ తీయడం ఈ మధ్య పెరిగింది. దాతల నుంచి తీసిన టెండన్ కుర్రవాళ్ళలో మళ్ళీ తెగే అవకాశం ఎక్కువ.

రెండు ఎముకల్లోనూ సొరంగాలు తొలిచి, ఆ టెండన్‌ను లాగి, స్క్రూలతోనో చిన్న లోహపు బటన్‌తోనో బిగిస్తారు. అంచనా ఖర్చు అడిగేటప్పుడు ఆ స్క్రూలూ బటన్లూ అందులో కలిశాయా, విడిగానా అని అడగండి. తర్వాతి నెలల ఫిజియో ఖర్చు కూడా అదే కాగితం మీద రాసుకోండి. చాలా కుటుంబాలు ఆపరేషన్‌కు డబ్బంతా పెట్టి, మూడో నెలలో నా దగ్గరికి రావడం మానేస్తాయి.

ఆపరేషన్ తర్వాత ఇంట్లో మొదటి రెండు వారాలు ఎలా ఉండాలి?

నేను ఇంటికి వెళ్ళి చూసిన ప్రతి గదిలోనూ ఒకే దృశ్యం: మంచం మీద అబ్బాయి, మోకాలి కింద మెత్తటి దిండు. ప్రేమతో అమ్మ పెట్టిన ఆ దిండే మొదటి శత్రువు. మోకాలు కాస్త వంగి ఉంటే హాయిగా ఉంటుంది, కానీ అలాగే ఉంచితే పూర్తిగా చాపుకునే శక్తి పోతుంది. పోయిన ఆ అయిదు డిగ్రీలు తిరిగి రావడానికి పడే బాధ చూస్తే మీరు దిండు విసిరేస్తారు. దిండు తీసి, తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టండి. మోకాలు గాల్లో వేలాడి దాని బరువుకే చాపుకుంటుంది. పది నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు.

రెండో పని తొడ ముందు కండరాన్ని లేపడం. మోకాలు వాచినప్పుడు మెదడు ఆ కండరానికి సంకేతం తగ్గిస్తుంది. "బిగించు" అంటే మనిషి పళ్ళు బిగిస్తాడు, పిరుదులు బిగిస్తాడు, తొడ మాత్రం కదలదు. నేను కండరం మీద రెండు వేళ్ళు పెట్టి, రెండో కాలితో పాటు చేయమంటాను. నాలుగో రోజో అయిదో రోజో వేళ్ళ కింద చిన్న వణుకు తెలుస్తుంది. ఆ తర్వాతే కాలు తిన్నగా ఎత్తడం.

రెండు వారాలకు మోకాలు పూర్తిగా చాపుకోవాలి, తొంభై డిగ్రీల దరిదాపుల దాకా వంగాలి, చంకకర్రలతో సరిగ్గా నడవాలి. మెనిస్కస్ కుట్టినవాళ్ళకు బరువు మోపడం, వంచడం విషయంలో సర్జన్ చెప్పిన హద్దులు వేరే ఉంటాయి. పిక్క గట్టిపడి నొప్పి పెడితే, జ్వరం వస్తే, కుట్ల దగ్గర చీము కనిపిస్తే ఫిజియో కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ఎన్ని నెలలకు మళ్ళీ ఆడవచ్చు?

ఇది అడిగేటప్పుడు అందరి మనసులో ఒక అంకె ముందే ఉంటుంది: ఆరు. ఎక్కడి నుంచి వచ్చిందో గానీ అది చెరగదు. నా మోకాలికీ ఆ అంకే చెప్పారు. నేను ఇంకా తెలివైనవాణ్ణి కాబట్టి అయిదో నెలలోనే ఇంటర్ కాలేజీ మ్యాచ్‌కు దిగాను. నొప్పి లేదు, పరుగెత్తగలుగుతున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను. రెండో అర్ధభాగంలో మెనిస్కస్ చిరిగింది. ఎడమ తొడ కుడి తొడ కంటే ఎంత బలహీనంగా ఉందో ఆ రోజు దాకా ఎవరూ కొలవలేదు, నేనూ కొలవమని అడగలేదు.

లోపల జరిగేది ఇది. పెట్టిన టెండన్ మొదట రక్తప్రసరణ లేని ముక్క. శరీరం దాన్ని మెత్తబరిచి, కొత్త రక్తనాళాలు వేసి, నెమ్మదిగా లిగమెంట్‌గా మార్చుకుంటుంది. రెండో నెల, మూడో నెల ప్రాంతంలో అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి పోయి, మనిషికి ధైర్యం వస్తుంది. అందుకే మూడో నెలలో ఉన్నవాళ్ళతో నేను కాస్త కటువుగా మాట్లాడతాను.

నార్వేలో జరిగి 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం, తొమ్మిది నెలల దాకా, ఆటకు తిరిగి వెళ్ళడాన్ని ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్ళీ గాయపడే ప్రమాదం దాదాపు సగానికి పడిపోతూ వచ్చింది. అందుకే ఇప్పుడు తొమ్మిది నెలల లోపు పోటీ మ్యాచ్ వద్దంటున్నాం. తొమ్మిది నెలలు నిండితే చాలదు. గాయపడిన కాలి తొడ బలం రెండో కాలిలో 90 శాతానికి తగ్గకూడదు, ఒంటికాలి గెంతుల్లోనూ అంతే. టేపు పట్టి కొలుస్తాను. దూరంతో పాటు దిగేటప్పుడు మోకాలు లోపలికి పడుతోందా అని ఫోనులో వీడియో తీసి ఆటగాడికే చూపిస్తాను. చూసుకున్నాక వాదించేవాళ్ళు తక్కువ.

ఇటలీ ఆటగాడు బాజ్జో మూడు నెలలు కాకుండానే తిరిగి వచ్చాడు కదా?

వచ్చాడు. రొబెర్టో బాజ్జో 2002 జనవరి చివర్లో ఏసీఎల్ తెంపుకుని, ప్రపంచ కప్ జట్టులో చోటు కోసం ఏప్రిల్‌లోనే తన క్లబ్బు బ్రెషా తరఫున ఆడి గోల్స్ కూడా కొట్టాడు. ఇటలీ కోచ్ త్రపతోని ఆయన్ని తీసుకోలేదు. 1985లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఇదే ఆటగాడి కుడి మోకాలు ఇంకా ఘోరంగా దెబ్బతింది, కోలుకోవడం చాలా కాలం సాగింది. ఆ మోకాళ్ళ బాధ ఆయన్ని ఆట జీవితమంతా వదల్లేదు. ఆయన కథ వింటే కళ్ళు చెమరుస్తాయి, కానీ దాన్ని వ్యాయామాల పట్టికగా వాడుకోకూడదు.

దగ్గరి ఉదాహరణలు కావాలంటే: బార్సిలోనా ఆటగత్తె అలెక్సియా పుతేయాస్‌కు 2022 జూలై 5న, మహిళల యూరో కప్పు మొదలయ్యే ముందురోజు శిక్షణలో ఎడమ ఏసీఎల్ తెగింది. పది నెలలకు దగ్గరగా, 2023 ఏప్రిల్ చివర్లో మళ్ళీ ఆడింది, ఆగస్టులో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది. మాంచెస్టర్ సిటీ రోడ్రీకి 2024 సెప్టెంబరు 22న తెగింది. అక్టోబరులో ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు అందుకోవడానికి చంకకర్రలతో వేదిక ఎక్కాడు, 2025 మే 20న బోర్న్‌మత్ మీద చివరి నిమిషాల్లో దిగాడు. ఎనిమిది నెలలు, రోజంతా వెంట ఉండే వైద్య బృందంతో. మీరు వారానికి రెండుసార్లు, ట్రాఫిక్ దాటుకుని నా దగ్గరికి వస్తున్నారు.

తిరిగి వచ్చాక మునుపటిలా ఆడగలనా?

అన్ని రకాల ఆటగాళ్ళనూ కలిపి చూస్తే, ఆపరేషన్ తర్వాత పదిమందిలో ఎనిమిది మంది ఏదో ఒక ఆటకు తిరిగి వెళ్తున్నారు. గాయానికి ముందున్న స్థాయికి వెళ్ళేవాళ్ళు మూడింట రెండు వంతులు. పోటీ క్రీడకు తిరిగి వెళ్ళేవాళ్ళు సగం కంటే కాస్త ఎక్కువ. యూరప్ అగ్రశ్రేణి క్లబ్బుల పురుషుల్లో దాదాపు అందరూ ఏడాదిలోపు శిక్షణకు తిరిగి వచ్చినా, మూడేళ్ళ తర్వాత అదే స్థాయిలో ఉన్నవాళ్ళు మూడింట రెండు వంతులే. ఇరవై అయిదేళ్ళ లోపువాళ్ళు ఆటకు తిరిగి వెళ్తే నలుగురిలో దాదాపు ఒకరికి అదే మోకాలో, రెండోదో మళ్ళీ తెగుతోంది. ఈ అంకెలు నేను మొదటి రోజే చెబుతాను. తొమ్మిదో నెలలో చెబితే బెదిరించినట్టు ఉంటుంది.

భయం కూడా గాయంలో భాగమే. కొలతలన్నీ సరిగ్గా ఉండి, టాకిల్‌కు (ఎదుటివాడి దగ్గర బంతి లాక్కోవడానికి) వెళ్ళేటప్పుడు కాలు వెనక్కి తీసుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఇంకో నెల కావాలి, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

ఆడపిల్లలకు ఈ గాయం ఎక్కువట, నిజమేనా?

నిజమే, ఫుట్‌బాల్‌లో మగవాళ్ళతో పోలిస్తే రెండు మూడు రెట్లు. కటి ఆకారం, హార్మోన్లు అని చెబుతుంటారు. నేను మాత్రం కాస్త మొరటు కారణాలు ముందు చూస్తాను. మగపిల్లవాడు పన్నెండేళ్ళ నుంచి బరువులు ఎత్తుతాడు, ఆడపిల్లకు ఇరవై దాకా జిమ్ చూపించరు. బూట్లు మగవాళ్ళ పాదాల అచ్చు మీద తయారవుతాయి. మైదానంలో మిగిలిన మూల వాళ్ళకిస్తారు. నిజామాబాద్ జిల్లా నుంచి భారత జట్టుకు ఎదిగిన గుగులోత్ సౌమ్యను చూసి బంతి పట్టిన అమ్మాయిలు ఇప్పుడు ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ పీఈటీ సార్లకు నా విన్నపం: గెంతి దిగడం నేర్పండి, స్క్వాట్లు చేయించండి.

రాకుండా ఏం చేయాలి?

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వాళ్ళ "11 ప్లస్" అనే సన్నాహక వ్యాయామాలు ఉన్నాయి. ఇరవై నిమిషాలు పడుతుంది, బంతి తప్ప సామాను అక్కర్లేదు. నెమ్మది పరుగు, తర్వాత బలం, నిలకడ, గెంతుల వ్యాయామాలు, చివర వేగపు పరుగులు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిలు 1,892 మందిపై ప్రయోగించి 2008లో ఫలితాలు ప్రచురించారు. చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి, తీవ్రమైన గాయాలు ఇంకా ఎక్కువ తగ్గాయి. వారానికి రెండుసార్లు చేయనిదే ఫలం లేదు. టర్ఫ్ గంటకు అద్దె కట్టి ఇరవై నిమిషాలు వ్యాయామానికి ఇవ్వడం మనసొప్పదని తెలుసు. బయట పార్కింగ్‌లో చేయండి.

టర్ఫ్ మీద పొడవాటి స్టడ్లున్న బూట్లు వేయకండి. అవి పట్టుకున్నంత గట్టిగా పాదాన్ని ఇంకేదీ పట్టుకోదు. పొట్టి రబ్బరు బుడిపెలున్న టర్ఫ్ బూట్లు వేరే దొరుకుతాయి. మందుల షాపులో కొన్న నీక్యాప్ వెచ్చగా ఉంటుంది, ధైర్యంగా ఉంటుంది, లిగమెంట్‌ను కాపాడదు.

బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చా? బండి ఎప్పుడు నడపవచ్చు?

బాసింపట్టు మూడు నాలుగు నెలల తర్వాత, మోకాలు నొప్పి లేకుండా వంగితే. మెనిస్కస్ కుట్టినవాళ్ళు, ముఖ్యంగా గొంతుకూర్చోవడానికి, సర్జన్ అనుమతి దాకా ఆగాలి. అప్పటిదాకా వెస్టర్న్ కమోడ్ ఏర్పాటు చేసుకోండి. బండి ఆరు వారాల ముందు వద్దు. నడపడం కంటే సిగ్నల్ దగ్గర ఆ కాలు నేల మీద ఆనించి బరువు ఆపగలరా అన్నది చూసుకోండి.

ఇంట్లో ఇక ఆట మానేయమంటున్నారు. ఏం చెప్పాలి?

వాళ్ళ మాటలో న్యాయం ఉంది. డబ్బు పోయింది, ఒక సెమిస్టర్ పోయింది, మళ్ళీ తెగదని నేను రాసివ్వలేను. లిగమెంట్ తెగిన మోకాలు, ఆపరేషన్ చేసినా చేయకపోయినా, మామూలు మోకాలి కంటే త్వరగా అరిగే అవకాశం ఎక్కువ. ఇవన్నీ వాళ్ళ ముందే చెబుతాను. ఆ తర్వాత ఇంకొకటి చెబుతాను: ఆడినా మానినా ఈ తొమ్మిది నెలల వ్యాయామం ఒకటే. మెట్లు దిగడానికీ, బస్సు ఎక్కడానికీ, రేపు పిల్లల్ని ఎత్తుకోవడానికీ ఇదే తొడ కండరం కావాలి. కాబట్టి ఆ వాదన ఇవాళ తేల్చుకోనక్కర్లేదు. గెంతుల పరీక్ష రోజున అమ్మనో నాన్ననో వెంట తీసుకురండి, టేపు రెండో కొస పట్టుకోవడానికి నాకు ఎలాగూ ఒక మనిషి కావాలి.